ఒక్క వారాంతంలో సైన్స్ 82 నుంచి 67కి పడింది, మధ్యలో టెస్టే లేదు. మిస్సింగ్ అసైన్‌మెంట్లలో ముందు ఏవి చేయించాలి?

ప్రశ్న: డాలస్_అమ్మ

నమస్కారమండి. మా బాబు సెవెన్త్ గ్రేడ్. హైదరాబాదులో ఆరో క్లాసు అయ్యాక ఈ ఆగస్టులో ఇక్కడ డాలస్ శివారులో పబ్లిక్ స్కూల్లో చేరాడు. శుక్రవారం దాకా సైన్స్ 82 ఉంది. సోమవారం పొద్దున చూస్తే 67. ఈ మధ్యలో టెస్టేమీ పెట్టలేదు. టీచర్‌కి కోపమొచ్చి తగ్గించారని వాడంటాడు, వీడే ఏదో దాస్తున్నాడని వాళ్ల నాన్న అంటారు.

స్కూలు గ్రేడ్లు చూపే పోర్టల్ స్కైవర్డ్‌లో ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను.

టెస్టులు, ప్రాజెక్టులు (50 శాతం): 84/100, 92/100, ఎకోసిస్టమ్ ప్రాజెక్ట్ 0/100, పక్కన మిస్సింగ్ అని ఉంది.
క్లాస్‌వర్క్ (30 శాతం): అన్నీ కలిపి 102/120.
హోంవర్క్ (20 శాతం): పదేసి పాయింట్లవి ఆరు. 10, 9, 10, 0, 0, 8.

లేటైతే రోజుకు 10 శాతం కోత, ఎంత లేటైనా 30 శాతం దాటదు, నైన్ వీక్స్ (తొమ్మిది వారాల గ్రేడింగ్ పీరియడ్) ముగియడానికి వారం ముందు వరకే తీసుకుంటాం అని సిలబస్ కాగితంలో ఉంది. ఆ గడువుకి ఇంకా రెండు వారాలుంది. ఇంగ్లిష్‌లో కూడా మిస్సింగ్‌లు నాలుగున్నాయి. అన్నీ ఒకేసారి చేయించడం మా వల్ల కావట్లేదు. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు 1: గ్రేడ్‌బుక్_లెక్కలు

టీచర్ తగ్గించింది ఏమీ లేదండి. ఖాళీగా ఉన్న గడిలో సున్నా పడింది. ఖాళీకీ సున్నాకీ తేడా ఎంతో మీ అంకెలతోనే చూద్దాం.

శుక్రవారం దాకా ప్రాజెక్ట్ గడి ఖాళీ. ఖాళీ గడిని గ్రేడ్‌బుక్ అసలు లెక్కలోకే తీసుకోదు. అప్పుడు టెస్టుల విభాగం 176/200, అంటే 88 శాతం. అందులో సగం 44. క్లాస్‌వర్క్ 102/120 అంటే 85 శాతం, దాని వాటా 25.5. హోంవర్క్ 37/60 అంటే 61.67 శాతం, వాటా 12.33. మూడూ కలిపితే 81.83. మీరు చూసిన 82 అదే.

సున్నా పడ్డాక టెస్టుల విభాగం 176/300 అయింది. 58.67 శాతం, సగం 29.33. మిగతా రెండూ కదల్లేదు. మొత్తం 67.17. పిల్లవాడు ఆ వారాంతం కొత్తగా చేసిన తప్పేమీ లేదు. ప్రాజెక్ట్ ఇవ్వనిది ఎప్పుడో, అది అంకెల్లో కనబడింది ఇప్పుడు. ప్రోగ్రెస్ రిపోర్టుల ముందు టీచర్లు కూర్చుని ఖాళీలన్నీ నింపుతారు కాబట్టి ఇలాంటి పతనాలు ఎక్కువగా ఆ వారంలోనే జరుగుతాయి.

"పోనీలే, వచ్చే టెస్టుల్లో బాగా రాస్తాడు" అనుకోవద్దు. ఆ సున్నాని అలాగే ఉంచి టెస్టుల విభాగాన్ని 85 శాతానికి తేవాలంటే వరసగా ఆరు టెస్టుల్లో నూటికి నూరు రావాలి. అయిదు టెస్టులకు 84.5 దగ్గరే ఆగుతుంది. తొమ్మిది వారాల్లో అన్ని పెద్ద టెస్టులు ఏ టీచరూ పెట్టరు. చదువుతో ఈ సున్నా పోదు. ఆ పని చేసి ఇస్తేనే పోతుంది.

ఇక ఏది ముందు? ప్రాజెక్ట్ పెద్దది కాబట్టి దానితో మొదలుపెట్టాలని అందరికీ అనిపిస్తుంది. కానీ రెండు హోంవర్క్‌లనీ ముందు చూడండి. సరిగ్గా చేస్తే ఒక్కోదానికి కోత పోను 7 వస్తాయి. విభాగం 51/60, అంటే 85 శాతం, వాటా 17. మొత్తం 67.17 నుంచి 71.83కి వస్తుంది. ఒక్కోటి ఇరవై నిమిషాల పని అనుకుంటే ఒక్క సాయంత్రంలో 70 దాటేస్తాడు. టెక్సస్‌లో 70 అంటే పాస్, 69 అంటే ఫెయిల్. ఆ గీత ఇవతలికి రావడం ముఖ్యం.

ప్రాజెక్ట్ 90కి తగ్గట్టు చేశాడనుకుందాం. కోత 30 పోతే 60. విభాగం 236/300, మొత్తం మీద సరిగ్గా 10 మార్కులు పెరుగుతాయి. హోంవర్క్‌లు కూడా ఇచ్చేసి ఉంటే 81.83. అంటే తిరిగి 82కి వచ్చినట్టే.

ఇంకో సంగతి చాలామంది గమనించరు. కోత 30 శాతం దగ్గర ఆగిపోతుందన్నారు కదా. ప్రాజెక్ట్ ఇప్పటికే ఆ హద్దు తాకింది. ఇవాళ ఇచ్చినా పది రోజుల తర్వాత ఇచ్చినా కోత అంతే. అదే రేపు ఇవ్వాల్సిన వర్క్‌షీట్ ఎల్లుండికి జారితే కొత్తగా 10 శాతం పోతుంది. కాబట్టి వరస ఇలా ఉండాలి: ఇవాళ్టి పని ముందు, ఆ తర్వాత చిన్న పాతబాకీలు, ప్రాజెక్ట్‌ని రెండు శనివారాలకు పంచుకోవడం. పాతవి తీర్చే హడావుడిలో కొత్తవి లేట్ చేయించడమే ఇళ్లలో ఎక్కువగా జరిగే పొరపాటు. నెల తిరిగేసరికి మిస్సింగ్‌లు అన్నే ఉంటాయి, పేర్లు మాత్రం మారతాయి.

ఇంగ్లిష్‌కి కూడా ఇదే లెక్క వేయండి. ప్రతి మిస్సింగ్‌కీ మూడు కావాలి: ఏ విభాగం, ఆ విభాగంలో ఇప్పటికి మొత్తం ఎన్ని పాయింట్లు, ఇది ఎన్ని పాయింట్లది. 400 పాయింట్లున్న విభాగంలో 5 పాయింట్ల వార్మప్ కోసం పిల్లవాణ్ని రాత్రి పదకొండింటి దాకా కూర్చోబెట్టడం దండగ.

జవాబు 2: ఓరుగల్లు_బిడ్డ

పైన లెక్క మంచిగ చెప్పిన్రు. నేను ఇంకో దిక్కు నుంచి చెప్త. మిస్సింగ్ అని ఉన్న ప్రతిదీ చెయ్యనిదే అనుకోకున్రి. పొరగాడు చేసిండు గని టీచర్ దాక పోలేదు అన్నవి మిడిల్ స్కూల్ల బాగనే ఉంటయి. కొత్తగ ఇండియా నుంచి వచ్చిన పిల్లలకైతే ఇంకింత ఎక్కువ. అక్కడ నోటుబుక్కు టేబుల్ మీద పెడితే పని అయిపాయె. ఇక్కడ చేసుడు ఒకటి, అప్పజెప్పుడు ఒకటి.

ముందుగాల వీటిని చూడున్రి.

గూగుల్ క్లాస్‌రూమ్ అయితే, డాక్యుమెంట్ల మొత్తం రాసినా "టర్న్ ఇన్" నొక్కకపోతే అది అసైన్డ్ కిందనే ఉంటది, గడువు దాటినంక మిస్సింగ్ అయితది. పేపర్ మీద చేసినదైతే "మార్క్ యాజ్ డన్" నొక్కాలె. గడువు లోపల ఇచ్చి, గడువు దాటినంక ఏదో సరిజేద్దామని "అన్‌సబ్మిట్" కొట్టి మళ్ల పంపితే అది లేట్ కిందనే రాసుకుంటది. మొదట టైముకు ఇచ్చినవన్న సంగతి దానికి పట్టది.

కాన్వాస్ అయితే ఫైల్ అప్‌లోడ్ చేసినంక కింద "సబ్మిట్ అసైన్‌మెంట్" ఇంకొకసారి నొక్కాలె. శానమంది పొరగాండ్లు ఫైల్ పేరు కనవడంగనే అయిపోయింది అనుకొని లాప్‌టాప్ మూస్తరు. నిజంగ పోతే సబ్మిట్ అయినట్టు తారీఖు, టైమ్ తోని చూపిస్తది. అది కనవడేదాక అయిపోనట్టే లెక్క.

గూగుల్ డాక్ లింక్ అతికించి పంపితే, షేరింగ్ తెరవకపోతే టీచర్‌కు పర్మిషన్ అడిగే పేజీ తప్ప ఏం కనవడది. లింక్ ఇచ్చే ముందు వేరే బ్రౌజర్ల, లాగిన్ లేకుండ తెరిచి చూడున్రి. లేదంటే పీడీఎఫ్ చేసి పంపుడు మేలు. ఐఫోన్ల తీసిన ఫొటోలు హెచ్‌ఈఐసీ రకంల పోతే కొన్నిసార్లు టీచర్ దిక్కు తెరుచుకోవు. స్క్రీన్‌షాట్ తీసి అది పంపినా నడుస్తది.

కాగితం మీద ఇచ్చేటివైతే పేరు రాయకపోవుడే పెద్ద రోగం. శాన క్లాసులల్ల పేరు లేని కాగితాల కోసం ఒక ట్రే గని క్లిప్పు గని ఉంటది. మీ వాడిని రేపు పోయి అండ్ల వెతకమనున్రి. బ్యాగు అడుగున, బైండర్ జేబులల్ల కూడ చూడున్రి. హోంవర్క్ రెండు సున్నాలు అండ్లనే దొరికినా ఆశ్చర్యం లేదు.

గ్రూప్ ప్రాజెక్ట్ అయితే ఒక్కరే సబ్మిట్ చేస్తరు. టీచర్ దాన్ని గ్రూప్ అసైన్‌మెంట్ లెక్క పెట్టకపోతే మిగిలినోళ్లకు మిస్సింగ్ పడతది. ఇది మాత్రం పిల్లల తప్పు కాదు, ఒక్క మెయిల్ తోని సరైతది.

డాలస్_అమ్మ

చాలా థ్యాంక్సండి ఇద్దరికీ. ఓరుగల్లు_బిడ్డ గారూ, మీరన్నట్టే ఒక హోంవర్క్ కాగితం బైండర్‌లో దొరికింది, పేరు కూడా రాసే ఉంది, ఇవ్వడమే మర్చిపోయాడు. మరి రెండు సందేహాలు. ఒకటి, కాన్వాస్‌లో సైన్స్ 74 చూపిస్తోంది, స్కైవర్డ్‌లో 67. ఏది నమ్మాలి? రెండు, నేను టీచర్‌కి మెయిల్ రాయనా, వాడి చేత రాయించనా? వాడికి ఇంగ్లిష్‌లో రాయాలంటే కాస్త బెరుకు.

జవాబు 3: గ్రేడ్‌బుక్_లెక్కలు

స్కైవర్డ్‌దే అసలు గ్రేడు. రిపోర్ట్ కార్డుకి వెళ్లేది అదే. కాన్వాస్ పాఠాలూ పనులూ పెట్టే చోటు. అక్కడ కనబడే మొత్తం చాలాసార్లు తప్పు. టీచర్ విభాగాల శాతాలు స్కైవర్డ్‌లో పెట్టి కాన్వాస్‌లో పెట్టకపోతే అది అన్ని పాయింట్లనూ ఒకే కుప్పగా కూడేస్తుంది. కాగితం మీద రాసిన టెస్టు మార్కులు కాన్వాస్‌లోకి ఎక్కకపోవచ్చు. కాన్వాస్ గ్రేడ్స్ పేజీలో "గ్రేడ్ అయిన అసైన్‌మెంట్ల మీద మాత్రమే లెక్కించు" అన్న టిక్కు ఒకటుంటుంది, మామూలుగా అది పెట్టే ఉంటుంది. దాన్ని తీసేస్తే ఖాళీలన్నీ సున్నాలుగా మారి మొత్తం పడిపోతుంది. భయపడకండి, రాబోయే రోజుల్లో ఇవ్వాల్సినవాటినీ అది సున్నాగానే చూస్తుంది.

అదే పేజీలో బాబు తన లాగిన్‌తో ఒక మార్కు మీద నొక్కి వేరే అంకె టైపు చేసి చూడొచ్చు. మొత్తం ఎంతవుతుందో అక్కడే మారుతుంది. టీచర్‌కి ఏమీ వెళ్లదు, తర్వాత అసలు మార్కుకి తిప్పేయొచ్చు. ఒకవేళ టీచర్ మొత్తాలు కనబడకుండా దాచి ఉంటే ఇది పనికిరాదు. శాతాలు సరిగా పెట్టిన క్లాసులో మాత్రం పిల్లలకు సున్నా సంగతి అర్థమవడానికి ఇంతకన్నా మంచి దారి లేదు. మనం పది నిమిషాలు చెప్పేది, ప్రాజెక్ట్ గడిలో 60 కొట్టి మొత్తం పైకి లేవడం చూస్తే పది సెకన్లలో ఎక్కుతుంది.

మీకు కాన్వాస్ సొంత లాగిన్ లేకపోతే బాబు సెట్టింగ్స్‌లో "పెయిర్ విత్ అబ్జర్వర్" నొక్కితే ఆరు అక్షరాల కోడ్ వస్తుంది. ఏడు రోజులు లేదా ఒక్కసారి వాడేదాకా పనిచేస్తుంది. స్కూలు ఆ సదుపాయం మూసి ఉంటే ఆఫీసులో అడగాలి. పిల్లవాడి పాస్‌వర్డ్‌తో మీరు లోపలికి వెళ్లకండి. పొరపాటున మీ చేత్తో ఏదైనా సబ్మిట్ అయితే ఇంకో తలనొప్పి.

కాన్వాస్ కోత గురించి ఒక్క మాట. రోజుకు 10 శాతం అంటే పిల్లవాడికి వచ్చిన మార్కులో 10 శాతం కాదు, అసైన్‌మెంట్ మొత్తంలో. నూటికి 85 వచ్చి రెండు రోజులు లేటైతే 68 అవ్వదు, 65 అవుతుంది. శని, ఆదివారాలు కూడా రోజులే. రాత్రి 11:59 గడువుకి 12:05కి నొక్కితే ఆ అయిదారు నిమిషాలూ ఒక రోజే. మర్యాదగా అడిగితే చాలామంది టీచర్లు ఆ లేట్ ముద్ర తీసేస్తారు, వాళ్లకు ఆ వీలుంది. ఇంకా, గడువు తేదీ వేరు, "అవైలబుల్ అంటిల్" తేదీ వేరు. మొదటిది దాటితే లేట్. రెండోది దాటితే తలుపు మూసుకుపోతుంది, సబ్మిట్ బటనే కనబడదు. మీ ప్రాజెక్ట్‌కి ఆ రెండో తేదీ ఎంతుందో ఇవాళే చూడండి. సిలబస్‌లో ఒకటి, కాన్వాస్‌లో ఒకటి ఉంటే టీచర్‌ని అడిగి తెరిపించుకోవాలి.

జవాబు 4: ఆరో_పీరియడ్

మెయిల్ సంగతి నేను చెబుతాను. బాబే రాయాలి. మీరు సీసీలో ఉండండి. తల్లి రాసిన మెయిల్‌కి టీచర్ ఎంతో జాగ్రత్తగా, పొడిపొడిగా జవాబిస్తారు. పిల్లవాడు రాస్తే రేపు రా, చూద్దాం అంటారు. ఇంగ్లిష్ తప్పులు పోయినా పర్వాలేదు, వాళ్లు రోజూ చదివేది అలాంటి మెయిల్సే.

నాలుగు వాక్యాలు చాలు. సబ్జెక్ట్ లైన్‌లో పేరు, ఎన్నో పీరియడ్, అసైన్‌మెంట్ పేరు. రోజుకు నూటయాభై మంది పిల్లల్ని చూసే టీచర్‌కి పీరియడ్ చెప్పకపోతే వెతుక్కోవడమే సగం పని. మొదటి వాక్యంలో ఏది మిస్సింగ్‌గా ఉందో, రెండో దాంట్లో అది ఏ స్థితిలో ఉందో: చెయ్యలేదు, సగం చేశాను, చేశాను కానీ ఇవ్వలేదు, ఇచ్చాను కానీ కనబడట్లేదు. ఈ నాలుగింటికీ టీచర్ చేసే పని వేరువేరు, అందుకే తేల్చి చెప్పాలి. మూడో వాక్యం ఎప్పుడిస్తాడో, తేదీతో. నాలుగోది ఒకే ఒక్క ప్రశ్న: ఇంకా తీసుకుంటారా, కాగితం మీదా కాన్వాస్‌లోనా?

రాయకూడనివి: "నా గ్రేడు పెంచండి", "ఎక్‌స్ట్రా క్రెడిట్ ఇస్తారా". అసలు పని బాకీ ఉండగా ఎక్‌స్ట్రా అడగడం టీచర్లకు చిరాకు. తెలుగు పిల్లల్లో ఎక్కువమంది, వాళ్ల వెనక అమ్మానాన్నలు, మొదట అడిగేది మాత్రం అదే.

రెండు స్కూలు రోజులు జవాబు రాకపోతే స్వయంగా వెళ్లి అడగాలి. టెక్సస్ మిడిల్ స్కూళ్లలో బడికి ముందో తర్వాతో ట్యుటోరియల్స్ అని టీచర్లు కూర్చునే వేళలుంటాయి, ఖర్చేమీ లేదు. ఆ ప్రాజెక్ట్‌కి రూబ్రిక్ కాగితం (దేనికి ఎన్ని పాయింట్లో రాసి ఉండేది) అడిగి తెచ్చుకోమనండి. లేట్ పనిలో ఎలాగూ 30 పోతాయి కాబట్టి రంగు చార్టులూ త్రీడీ మోడళ్లూ అక్కర్లేదు. రూబ్రిక్‌లో ఎక్కువ పాయింట్లున్న వరసలు ముందు పూర్తి చేయాలి. పేరూ శీర్షికా అలంకరణకు 10 పాయింట్లుండి, ఆహారజాలం వివరణకు 40 ఉంటే సాయంత్రమంతా బొమ్మకి రంగులేయడం అర్థంలేని పని.

బెరుకు అన్నారు కాబట్టి ఇది కూడా చూడండి. స్కూల్లో చేర్చేటప్పుడు హోమ్ లాంగ్వేజ్ సర్వేలో తెలుగు అని రాసి ఉంటే బాబుకి ఇంగ్లిష్ పరీక్ష పెట్టి ఉంటారు. ఎమర్జెంట్ బైలింగువల్‌గా (ఇంగ్లిష్ ఇంకా నేర్చుకుంటున్న పిల్లవాడిగా) గుర్తిస్తే ఎల్‌పీఏసీ అనే కమిటీ అతని సంగతి చూస్తుంది. టీచర్లు భాషపరంగా సాయం చేస్తూ పాఠం చెప్పాలన్నది టెక్సస్ నిబంధన: పదాల పట్టిక, వాక్యం మొదలు రాసివ్వడం, సూచనలు చిన్నవిగా విడగొట్టడం లాంటివి. "మా వాడికి ఇంగ్లిష్ మీడియమే, ఈఎస్‌ఎల్ (ఇంగ్లిష్ రెండో భాషగా ఉన్న పిల్లలకిచ్చే సాయం) వద్దు" అని సంతకం పెట్టేసిన ఇళ్లు చాలా ఉన్నాయి, పరువు తక్కువ అనుకుని. మాట్లాడటం వచ్చినా, సైన్స్ ల్యాబ్ రిపోర్ట్ రాయడం వేరు. మీరు ఏం సంతకం పెట్టారో కౌన్సెలర్‌ని అడగండి.

జవాబు 5: కాలిఫోర్నియా_నాన్న

ఒక్క విషయంలో నేను విభేదిస్తాను. ఇన్ని పోర్టళ్లు, ఇన్ని లెక్కలు చెప్పాక తల్లిదండ్రులు గంటకోసారి ఫోన్‌లో గ్రేడు చూడటం మొదలుపెడతారు. నోటిఫికేషన్లు ఆపేయండి. ఇచ్చిన రోజు సాయంత్రమే టీచర్ దిద్దరు. వ్యాసాలకైతే వారం, రెండు వారాలు పడుతుంది. ఇచ్చిన పని కూడా ఆ లోపు కొన్ని సిస్టమ్స్‌లో ఖాళీగానో, టీచర్ తాత్కాలికంగా వేసిన సున్నాగానో ఉండొచ్చు. రోజూ చూస్తే రోజూ గొడవే.

వారానికి ఒక్కసారి, ఆదివారం సాయంత్రం ఇరవై నిమిషాలు. పోర్టల్ తెరిచేది, చదివేది పిల్లవాడు. మీరు పక్కన కూర్చోండి. ఒక కాగితం మీద ప్రతి మిస్సింగ్‌కీ ఒక వరస: సబ్జెక్ట్, పేరు, విభాగం, పాయింట్లు, ఆఖరి తేదీ. దాని పక్కన మూడు గళ్లు: చేశాను, ఇచ్చాను, గ్రేడ్ పడింది. మిడిల్ స్కూల్ పిల్లల మనసులో మొదటి గడికి టిక్ పడితే పని ముగిసినట్టే. మూడో గడి నిండేదాకా ఆ వరస కొట్టేయకూడదన్న ఒక్క నియమం చాలు. సోమవారం నుంచి గురువారం దాకా రోజూ పాతవాటికి ఇరవై అయిదు నిమిషాలు, అంతకుమించి వద్దు. శుక్రవారం సెలవు.

గూగుల్ క్లాస్‌రూమ్ వాడే స్కూలైతే గార్డియన్ సమ్మరీ అని రోజుకో వారానికో మెయిల్ పెట్టించుకోవచ్చు. అందులో మిస్సింగ్, రాబోయే పనులు ఉంటాయి, మార్కులు ఉండవు. నన్నడిగితే అదే మేలు. వారానికి పెట్టుకోండి.

పక్క రాష్ట్రాల బంధువుల మాట విని పోల్చుకోకండి. కొన్ని స్కూల్ డిస్ట్రిక్ట్‌లలో ఇవ్వని పనికి కూడా సున్నా బదులు 50 వేస్తారు. కొన్ని మిడిల్ స్కూళ్లలో శాతాలే ఉండవు, ఒక్కో నైపుణ్యానికి 1 నుంచి 4 వేస్తారు. అక్కడ 3 అంటే ఆ తరగతి స్థాయికి తగ్గట్టు వచ్చిందని. దాన్ని 75 శాతం అనుకుని పిల్లల్ని తిట్టిన వాళ్లున్నారు.

డాలస్_అమ్మ

ఆదివారం పద్ధతి మొదలుపెడతామండి. కాన్వాస్‌లో ప్రాజెక్ట్ తలుపు ఇంకా తెరిచే ఉంది. బాబు ఆర్కెస్ట్రాలో ఉన్నాడు, వచ్చే నెలలో కాంటెస్ట్ ఉందట. 70 లోపుంటే రానివ్వరంటున్నాడు, నిజమేనా? డిసెంబర్‌లో మూడు వారాలు ఇండియా వెళ్లాలనుకుంటున్నాం, దానికీ ఈ గ్రేడ్లకీ ఏమైనా ఇబ్బందా?

జవాబు 6: ఆరో_పీరియడ్

నిజమే. టెక్సస్‌లో దాన్ని నో పాస్ నో ప్లే అంటారు, మిడిల్ స్కూల్‌కీ వర్తిస్తుంది. గ్రేడింగ్ పీరియడ్ ముగిసేసరికి ఏ ఒక్క సబ్జెక్ట్‌లోనైనా 70 కన్నా తక్కువుంటే కనీసం మూడు స్కూలు వారాలు పోటీలకు పంపరు. గ్రేడింగ్ పీరియడ్ అయిన ఏడు రోజుల తర్వాత అది అమల్లోకి వస్తుంది. ప్రాక్టీస్‌కి మాత్రం వెళ్లొచ్చు. మూడు వారాల తర్వాత అన్ని సబ్జెక్ట్‌లలో పాసవుతూ ఉంటే మళ్లీ అర్హత వస్తుంది. కొన్ని అడ్వాన్స్‌డ్ కోర్సులకు మినహాయింపుంది, మీ వాడి సైన్స్ అందులో ఉందో లేదో ఆర్కెస్ట్రా డైరెక్టర్‌కి తెలుసు. నైన్ వీక్స్ మధ్యలో వచ్చే ప్రోగ్రెస్ రిపోర్ట్‌లో 67 ఉన్నంతమాత్రాన మామూలుగా ఆపరు. బడి మొదలైన ఆరు వారాలకు మాత్రం అందరి గ్రేడ్లూ ఒకసారి చూస్తారు. అందుకే పైన చెప్పిన ఆ రెండు హోంవర్క్‌లూ రేపే ఇప్పించేయండి. వాటితోనే 71.83.

ఫెయిలైన టెస్టునో అసైన్‌మెంట్‌నో మళ్లీ చేసే అవకాశం డిస్ట్రిక్ట్ ఇవ్వొచ్చని టెక్సస్ చట్టంలో ఉంది. ఇచ్చి తీరాలని కాదు. మీ డిస్ట్రిక్ట్ గ్రేడింగ్ పాలసీలో "రీటేక్" అన్న చోట ఎన్ని రోజుల్లోపు అడగాలో, గరిష్ఠంగా ఎంత ఇస్తారో చూడండి. అదే చట్టం వల్ల, చేసిన పని నాణ్యతతో సంబంధం లేకుండా ఇంత కనీస మార్కు వేయాలని టీచర్లను డిస్ట్రిక్ట్ బలవంతపెట్టకూడదు. పైన కాలిఫోర్నియా_నాన్న గారు చెప్పిన 50 నియమాన్ని మీ టీచర్ దగ్గర ప్రస్తావించకండి.

ఇండియా ప్రయాణానికి వేరే రూలుంది. క్లాసు జరిగిన రోజుల్లో 90 శాతం హాజరు లేకపోతే ఆ కోర్సుకి క్రెడిట్ గానీ ఫైనల్ గ్రేడు గానీ ఆపేయొచ్చు. క్రిస్మస్ సెలవులు రెండు వారాలు పోగా మీకు పోయేది ఒక వారం, అంటే 5 రోజులు. ఒక్క దానితో మునిగిపోరు. కానీ ఈ సెమిస్టర్‌లో ఇప్పటికే జ్వరాలకీ వీసా పనులకీ ఎన్ని పోయాయో లెక్కేసుకుని టికెట్ కొనండి. కుటుంబ ప్రయాణాన్ని చాలా స్కూళ్లు అన్‌ఎక్స్‌క్యూజ్డ్ (సరైన కారణం లేని గైర్హాజరు) కిందే రాస్తాయి. దాని వల్ల మేకప్ పనికి (రాని రోజుల పని తర్వాత చేసి ఇచ్చేదానికి) కోత పడుతుందో లేదో డిస్ట్రిక్ట్‌ని బట్టి. సెమిస్టర్ చివరి వారం కాకుండా జనవరి మొదటి వారం మిస్సయ్యేలా చూసుకోండి. డిసెంబర్‌లో సెలవులకు ముందు వారంలో సెమిస్టర్ పరీక్షలూ గ్రేడ్ల ముగింపూ ఉంటాయి. జనవరిలో కొత్త గ్రేడింగ్ పీరియడ్, విభాగాలన్నీ ఖాళీ. కాకపోతే ఆ ఖాళీలో మొదట పడే మార్కే మొత్తం గ్రేడు అవుతుంది. హోంవర్క్‌లు మాత్రమే పడి ఉంటే 20 శాతం విభాగమే నూరు శాతంలా పనిచేస్తుంది. తిరిగొచ్చిన మొదటి ఆదివారం పోర్టల్‌లో 0 కనబడితే ఇంట్లో రభస చేయకండి, ఆ ఒక్క వర్క్‌షీట్ ఇచ్చేస్తే అది 90 కూడా అవుతుంది.

జవాబు 7: గ్రేడ్‌బుక్_లెక్కలు

ఒకటి మిగిలింది. సెవెన్త్ గ్రేడ్ సైన్స్ మార్కు హైస్కూల్ ట్రాన్‌స్క్రిప్ట్‌కి వెళ్లదు, దాని గురించి కాలేజీ దాకా బెంగ వద్దు. కానీ వచ్చే ఏడు ఎయిత్‌లో ఆల్జీబ్రా 1 తీసుకుంటే అది హైస్కూల్ క్రెడిట్, ఆ గ్రేడు ట్రాన్‌స్క్రిప్ట్ మీద ఉంటుంది. జీపీఏలో కలుపుతారా లేదా అన్నది డిస్ట్రిక్ట్‌ని బట్టి. కోర్సులు ఎంచుకునే కాగితం జనవరి, ఫిబ్రవరి ప్రాంతంలో ఇంటికొస్తుంది. అప్పటికి బాబు కాగితం మీద మూడో గడి తనంతట తను నింపుకుంటున్నాడా అన్నది చూసి సంతకం పెట్టండి.